పగటివేషం వేసిన టవరు

పగటివేషగాళ్లు మన ఊళ్లకు రావడం తగ్గిపోయి చాలా కాలమైంది. నా చిన్నతనంలో సంక్రాంతి వెళ్లగానే దిగేవారు. ఒకనాడు తహసీల్దారు వేషం, ఒకనాడు అర్ధనారీశ్వరుడు. వచ్చింది తహసీల్దారు కాదని ఊరందరికీ తెలుసు. అయినా వేషం కుదిరితే మెచ్చుకుని నాలుగు గింజలు పెట్టేవారు, కుదరకపోతే నవ్వి పంపేవారు.

అటువంటి పగటివేషాన్ని ఇంత వయసు వచ్చాక అమెరికాలో చూస్తానని అనుకోలేదు. ఈసారి వేషగాడు మనిషి కాదు. సెల్‌ఫోన్ టవరు. కట్టదలచిన వేషం చర్చి గంటగోపురం. ఆ వేషానికి అనుమతి ఇవ్వాలా వద్దా అని ఒక ఊరు ఊరంతా కూర్చుని అర్ధరాత్రి దాకా వాదించుకుంటే, ఆ వాదనలో మా ఇల్లు కూడా రెండుగా చీలింది.

పచ్చికలో పాతిన పలక

2023 వేసవిలో మా అమ్మాయి దగ్గర నాలుగు నెలలు ఉన్నాను. జార్జియా రాష్ట్రంలో అట్లాంటా నగరానికి ఉత్తరాన, పైన్ చెట్ల మధ్య పరుచుకున్న పేటల్లో వాళ్లది ఒకటి. ఆ వైపు మన తెలుగువాళ్లు ఎక్కువ. సాయంత్రం నడకకు వెళితే "ఏ ఊరండీ మీది?" అని పలకరించేవారు కనీసం ఒకరైనా తగులుతారు.

ఒకరోజు అలా నడుస్తూ వీధి చివర చిన్న చర్చి ముందు పచ్చికలో కొత్తగా పాతిన పలక చూశాను. ఫలానా తేదీన నగర సభలో బహిరంగ విచారణ జరుగుతుందనీ, అభ్యంతరాలున్నవారు వచ్చి చెప్పుకోవచ్చుననీ దాని సారాంశం. అదే సంగతి ఉత్తరంగా మా అల్లుడి పేర కూడా వచ్చింది. ఆ స్థలానికి కొన్ని వందల అడుగుల లోపల ఇళ్లున్న వారందరికీ అలా తెలియజేయాలట.

మన దగ్గర పక్క మేడ మీద టవరు వస్తున్నదని ఎప్పుడు తెలుస్తుంది? జనరేటరు దిగిన నాడు. మేడ యజమానీ, కంపెనీవారూ మాట్లాడుకుంటారు, పని మొదలవుతుంది, అప్పుడు మనం వీధిలోకి వచ్చి తలెత్తి చూస్తాం. అందుచేత ఆ పలక నాకు వింతగా తోచింది.

అక్కడ భూమి నీదైనంత మాత్రాన దాని మీద ఏదైనా కట్టుకోవడానికి వీల్లేదు. ఊరిని పేటలుగా విడదీసి, ఇది కాపురాలకు, ఇది అంగళ్లకు, ఇది కార్ఖానాలకు అని గీతలు గీస్తారు. దాన్ని జోనింగ్ అంటారు. 1916లో న్యూయార్కు నగరం మొత్తానికీ ఇటువంటి నిబంధనలు పెట్టారు. క్లీవ్‌లాండ్ పక్కన ఉన్న యూక్లిడ్ అనే చిన్న గ్రామం ఇలాగే గీతలు గీస్తే, ఒక భూముల కంపెనీ కోర్టుకెక్కింది. 1926లో అమెరికా సుప్రీంకోర్టు గ్రామం చేసింది సబబేనని తీర్పు చెప్పింది. అప్పటినుంచీ ఆ గీతలకు తిరుగులేకుండా పోయింది. కాపురాల పేటలో చర్చి ఉండవచ్చు. చర్చి ఆవరణలో టవరు ఉండాలంటే మాత్రం ప్రత్యేకమైన అనుమతి కావాలి. మన వెంకటేశ్వరస్వామి గుడి అక్కడ కట్టాలన్నా ఇటువంటి సభ ముందే నిలబడాలి.

తుఫాను రాత్రి

మా ఇల్లు రెండుగా చీలిందన్నాను. ఆ కథ నేను వెళ్లకముందే మొదలయింది.

ఆ ఏడు మార్చిలో ఒక రాత్రి పెద్ద గాలివాన వచ్చిందట. అమ్మాయీ అల్లుడూ పనిమీద బయట ఊళ్లో చిక్కుకుపోయారు. ఇంట్లో ఉన్నది మా వియ్యపురాలు గారూ, తొమ్మిదేళ్ల మనవరాలూ. చెట్టు విరిగి తీగల మీద పడటంతో కరెంటు పోయింది. చీకట్లో మెట్లు దిగబోయి ఆవిడ జారిపడ్డారు. తుంటి ఎముక బీటవారింది.

చేతిలో ఫోను ఉన్నది. కాని ఆ ఇల్లు పల్లంలో ఉన్నది, చుట్టూ చెట్లు. ఇంటిలోపలికి టవరు సంకేతం మామూలుగానే అందదు. ఇంటర్నెట్టు ద్వారా ఫోను నడుపుకుంటున్నారు. కరెంటు పోగానే అదీ పోయింది. పిల్ల 911 నొక్కుతూనే ఉన్నదట, పలకలేదు. ఆఖరికి వానలో తడుస్తూ పక్కింటికి పరుగెత్తింది. పక్కింటి ముసలావిడ ఒంటరి మనిషి, ఎనభై దాటినవారు. పాతకాలపు తీగ టెలిఫోను ఇంకా తీయించకుండా ఉంచుకున్నారు. ఆ ఫోను పనిచేసింది. అంబులెన్సు వచ్చింది.

"అన్నయ్యగారూ, ఆ రాత్రి పిల్ల తిరిగి వచ్చేదాకా నేను నా నొప్పి సంగతే మరిచిపోయాను. చీకట్లో పిల్లను పంపానే అన్న దిగులు ఒక్కటే" అన్నారు ఆవిడ నాతో.

అందుకే చర్చిలో టవరు వస్తుందన్న ఉత్తరం చూడగానే మా అల్లుడు "ఇన్నాళ్లకు దేవుడు విన్నాడు మామయ్యగారూ" అన్నాడు.

మా అమ్మాయి ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివింది. "పిల్ల పడకగది కిటికీ ఆ చర్చివైపే కదా నాన్నా" అన్నది.

అంతే. ఆ రోజు నుంచి భోజనాల బల్ల దగ్గర ఆ మాట ఎత్తడానికి ఇద్దరూ జంకేవారు.

ఊరి నడుమకే ఎందుకు?

ఇంత రగడ ఎందుకు, ఊరి బయట కొండమీద ఒక పెద్ద టవరు వేసుకోరాదా అని నేనూ అడిగాను. మా అల్లుడు చెప్పిన జవాబు బాగుంది. "టవరు గొంతు ఎంత పెద్దదైనా లాభం లేదు మామయ్యగారూ. మన ఫోను గొంతు టవరుకు వినపడాలి గదా!"

నిజమే. ఆకాశవాణి స్టేషను మాట్లాడుతుంది, మన రేడియో వింటుంది. సెల్‌ఫోను అలా కాదు, తిరిగి మాట్లాడాలి. దాని గొంతు చాలా బలహీనం. అంచేత ఊరిని తేనెపట్టులాగా చిన్న చిన్న గదులుగా విడదీసి, గదికొక కేంద్రం పెడతారు. ఆ గదినే సెల్ అంటారు. ఒక గదిలో వాడిన తరంగాలనే కొంచెం దూరంలోని ఇంకో గదిలో మళ్లీ వాడుకోవచ్చు. జనం పెరిగేకొద్దీ, ఫోనులో మాటలే కాక సినిమాలు కూడా పారేకొద్దీ, గదులు ఇంకా చిన్నవి కావాలి. గదులు చిన్నవైతే టవర్లు ఇళ్ల మధ్యకు రాక తప్పదు.

అమెరికాలో మొదటి వాణిజ్య సెల్యులర్ సర్వీసు 1983 అక్టోబరులో షికాగోలో మొదలయింది. మన దేశంలో మొదటి సెల్‌ఫోను సంభాషణ 1995 జూలై 31న కలకత్తా నుంచి ఢిల్లీకి జరిగింది. అప్పుడది షావుకార్ల సరదా. ఇప్పుడు అమెరికాలో చాలా ప్రాంతాల్లో 911కు వచ్చే పిలుపుల్లో నూటికి 80 పాళ్లు, అంతకు పైన కూడా, సెల్‌ఫోన్ల నుంచే వస్తున్నాయి. తీగ టెలిఫోను తీసేసిన ఇంటికి టవరే ప్రాణదాత.

మరి కాపురాల పేటలో ఖాళీ స్థలం ఎవరికి ఉంటుంది? బడికీ చర్చికీ. బడి దగ్గరంటే తల్లిదండ్రులు ఒప్పుకోరు. చర్చికి అయితే ఎత్తయిన శిఖరం ఉండటం సహజం. ఆవరణ విశాలం. పైగా చాలా చర్చిలకు ఈ మధ్య రాబడి తగ్గింది. ఆదివారం వచ్చే జనం పలచబడుతుంటే పైకప్పు మాత్రం ఏటేటా మరమ్మతు అడుగుతుంది. కంపెనీవారు నెల నెలా అద్దె ఇస్తామంటారు. కొన్ని రాష్ట్రాల్లో ఇలా అద్దెకిచ్చిన జాగాకు చర్చికుండే ఆస్తిపన్ను మినహాయింపు పోయే ప్రమాదం ఉన్నది. అయినా లెక్క వేసుకుంటే ఎక్కువసార్లు మిగులే కనబడుతుంది.

ఇది అమెరికా చర్చిల కథ మాత్రమే కాదు. ఇంగ్లండులో 2018 ఫిబ్రవరిలో ప్రభుత్వమే ఆంగ్లికన్ చర్చితో ఒడంబడిక చేసుకున్నది. పల్లెటూళ్లకు ఫోను, ఇంటర్నెట్టు అందించడానికి చర్చి శిఖరాలను వాడుకోవాలని దాని ఉద్దేశం. ఆ చర్చివారికి దేశంలో సుమారు 16,000 దేవాలయాలున్నాయి. అందులో మూడింట రెండు వంతులు పల్లెల్లోవే.

వేషాల చరిత్ర

టవరుకు వేషం వేయాలన్న ఆలోచన వెనుక ఒక తమాషా ఉన్నది. ఆరిజోనా రాష్ట్రం టూసాన్ నగరంలో లార్సన్ అనే కంపెనీ ఉండేది. మ్యూజియాలకూ, జంతు ప్రదర్శనశాలలకూ కృత్రిమమైన బండలూ చెట్లూ చేసి ఇవ్వడం వారి వృత్తి. 1992లో కొలరాడో రాష్ట్రం డెన్వరులో ఒక టవరును పైన్ చెట్టులా తయారు చేసి నిలబెట్టారు. చూసేవారు ముక్కున వేలేసుకున్నారు. ఆ తరువాత వేషాలు పెరిగాయి. కాలిఫోర్నియాలో తాటి జాతి చెట్టు, ఎడారిలో నాగజెముడు జాతి స్తంభం, ఇంకోచోట జెండా కర్ర, నీళ్ల ట్యాంకు, చర్చి ముందు సిలువ.

చెట్టు వేషం మాత్రం చాలాసార్లు కుదరదు. చుట్టూ ఉన్న చెట్లు 80 అడుగులుంటే ఇది వంద దాటి ఉంటుంది. తలెత్తితే తెలిసిపోతుంది. గాలివానలకు ప్లాస్టిక్ ఆకులు రాలుతాయి. టాహో సరస్సు పరిసరాల్లో ఆ ఆకులు నేలనూ నీటినీ పాడుచేస్తున్నాయని జనం గొడవ చేశారు.

గోపురం వేషం నయం. ఏరియళ్లన్నీ లోపల ఉంటాయి, బయటికి ఏమీ కనపడదు. అయితే గోపురం ఆ భాగం ఇటుకతోనో, ఇనుప రేకుతోనో కట్టరాదు. తరంగాలు దాటవు. ఫైబర్ గ్లాసు పలకలతో కట్టి, ఇటుక మాదిరిగా రంగు వేస్తారు. చేయి పెట్టి చూస్తే తప్ప అది ఇటుక కాదని చెప్పలేం.

మా అమ్మాయి వాళ్ల పేటలో కంపెనీవారు మొదట చర్చి వెనక పైన్ చెట్టే పెడతామన్నారట. నగర ప్రణాళికా శాఖవారు ఒక పరీక్ష పెట్టించారు. పెట్టదలచిన ఎత్తుకు ఎర్ర బెలూను ఒకటి ఎగరవేసి, నాలుగు వీధుల నుంచి ఫోటోలు తీయించారు. ఆ ఫోటోల మీద చెట్టు బొమ్మ అతికించి చూస్తే, గొర్రెల మందలో ఒంటె నిలబడ్డట్టు ఉన్నదని అందరూ నవ్వారు. దాంతో ఎత్తు తగ్గించి, చర్చి భవనానికి ఆనుకుని గంటగోపురం కడతామని మార్చుకున్నారు.

చట్టం గీసిన గీత

విచారణకు వెళ్లేముందు మా అమ్మాయి పదిరోజులు కూర్చుని కాగితాలు తయారు చేసుకున్నది. తరంగాల వల్ల పిల్లలకు ఏమైనా అవుతుందా అన్నదే ఆమె ప్రశ్న. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సరు పరిశోధన సంస్థ 2011లో ఈ రకం తరంగాలను "బహుశా కాన్సరు కారకం కావచ్చు" అన్న వర్గంలో చేర్చింది. రుజువు అయిందని కాదు, కొట్టిపారేయలేమని. ఆ ఒక్క వాక్యం తల్లి మనసుకు చాలు.

మా అల్లుడి వాదం ఇంకొకటి. టవరు పైనుంచి తరంగాలు దీపస్తంభం వెలుగులాగా దూరానికి పోతాయి కాని సరిగ్గా కిందికి దిగేది తక్కువ. దూరం రెట్టింపైతే బలం నాలుగో వంతుకు పడిపోతుంది. నేలమీద కొలిస్తే సాధారణంగా ప్రభుత్వం పెట్టిన హద్దులో వెయ్యో వంతు కూడా ఉండదని అక్కడి ప్రభుత్వ సంస్థే చెబుతున్నది. పైగా టవరు దూరమైనకొద్దీ చెవి దగ్గరున్న ఫోను ఎక్కువ గట్టిగా అరవవలసి వస్తుంది. "దగ్గరలో టవరు ఉంటేనే నీ చెవికి తక్కువ తగులుతుంది" అన్నాడు. శాస్త్రం ప్రకారం అదీ నిజమే.

ఇద్దరిలో ఎవరి మాట నెగ్గుతుందో చూడాలని నేను ఉబలాటపడ్డాను. తీరా చూస్తే ఆ ప్రశ్న సభలో ఎత్తడానికే వీలు లేదు!

1996 ఫిబ్రవరిలో అమెరికాలో కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చింది. టవరు ఎక్కడ పెట్టాలి, ఎంత ఎత్తు, ఎలా కనపడాలి అన్న అధికారం ఊళ్లకే వదిలింది. కాని నాలుగైదు గీతలు గీసింది. ఒక కంపెనీకి ఇచ్చి ఇంకొక కంపెనీని అన్యాయంగా కాదనకూడదు. సర్వీసే లేకుండా చేయకూడదు. అర్జీని సమంజసమైన కాలంలో తేల్చాలి. ఆ కాలం కొత్త టవరుకు 150 రోజులనీ, ఉన్న కట్టడానికి ఏరియళ్లు తగిలించడానికి 90 రోజులనీ 2009లో నిర్ణయించారు. కాదంటే లిఖితపూర్వకంగా, తగిన సాక్ష్యంతో కాదనాలి. అన్నిటికంటె పదునైన గీత ఇది: టవరు తరంగాలు కేంద్ర ప్రభుత్వం పెట్టిన హద్దుకు లోబడి ఉంటే, ఆ తరంగాల ప్రభావాన్ని కారణంగా చూపి ఏ ఊరూ అనుమతి నిరాకరించరాదు.

తల్లుల భయాన్ని చట్టం గుమ్మం బయటే ఆపింది. లోపలికి రావాలంటే అది కూడా ఏదో ఒక వేషం వేసుకోవాలి.

మూడేసి నిమిషాలు

విచారణనాడు నగర సభ హాలు నిండిపోయింది. మాట్లాడదలచినవారు పేరు రాసి ఇవ్వాలి. మనిషికి మూడు నిమిషాలు. బల్లమీద ఆకుపచ్చ, పసుపు, ఎరుపు దీపాలు. ఎర్రదీపం వెలిగితే కూర్చోవాలి. మన సభలకు ఈ దీపాలు అరువు తెచ్చుకుంటే బాగుండునని అనిపించింది.

ముందు కంపెనీ తరపు వకీలు లేచాడు. పేట పటం చూపించాడు. సంకేతం బాగా అందేచోట ఆకుపచ్చ, అందనిచోట తెలుపు. మా అమ్మాయి ఇల్లు తెల్లటి మచ్చ నడుమ ఉన్నది.

తరువాత చర్చి పాస్టరుగారు. పెద్దమనిషి, నిదానస్తుడు. పేదలకు వారం వారం చర్చిలో సరుకులు పంచుతారట. అదంతా చెప్పి, చర్చి ఇరుగుపొరుగుకు చేసే సేవలో ఇదీ ఒక భాగమని అన్నాడు. చివర ఒక సభ్యుడు "పైకప్పు సంగతి ఏమిటి?" అని అడిగితే మాత్రం ఆయన ఒక్క క్షణం ఆగి, "అవునండీ, కారుతున్నది. ఈ అద్దె రాకపోతే రెండేళ్లలో తలుపులు మూయవలసి రావచ్చు" అన్నాడు. ఆ ముక్క ముందే చెప్పి ఉంటే ఎంత బాగుండేది అనుకున్నాను.

ఇళ్లు అమ్మిపెట్టే దలాలీ ఒకాయన ధరలు పడిపోతాయన్నాడు. ఆయన పక్కనే కూర్చున్న ఇంకొక దలాలీ, ఫోను అందని ఇంటిని ఈ రోజుల్లో ఎవరు కొంటారన్నాడు. ఇద్దరూ ఒకే వీధిలోవారు.

మా అమ్మాయి వంతు వచ్చింది. కాగితాలు తీసి "పిల్లల ఆరోగ్యం" అనగానే నగర న్యాయవాది మర్యాదగా అడ్డం వచ్చాడు. "అమ్మా, మీరు చెప్పుకోవచ్చు, మేము వింటాం. కాని దాని ఆధారంగా సభ నిర్ణయం చేస్తే కోర్టులో నిలవదు" అన్నాడు. ఆమె ఒక్క నిమిషం నిలబడిపోయింది. తరువాత కాగితాలు మడిచి, ఆ గోపురం ఇప్పుడున్న చిన్న చర్చికి పొంతన కుదరదనీ, పేట అందం చెడుతుందనీ రెండు మాటలు చెప్పి కూర్చున్నది.

గోపురం అందం సంగతి మా అమ్మాయికి బొత్తిగా పట్టదని నాకు తెలుసు. ఆ హాలులో అందం గురించి మాట్లాడిన తల్లులు పదిమందైనా ఉంటారు. ఎవరి మనసులో ఏమున్నదో సభ్యులకు తెలియదా? తెలుసు. అందరికీ తెలిసిన వేషం అది.

మా అల్లుడు మార్చి నాటి రాత్రి సంగతి చెప్పాడు. హాలు నిశ్శబ్దమయింది.

ఆఖరున లేచింది ఎవరనుకున్నారు? తీగ టెలిఫోను ముసలావిడ! ఆవిడ ఆ చర్చి సభ్యురాలే. అయినా గోపురం వద్దన్నారు. "ఆ చిన్నపిల్ల ఆ రాత్రి నా తలుపు కొట్టింది. నా ఫోను పనిచేసింది గనుక సరిపోయింది. ఇంకోసారి నేను ఉండకపోవచ్చు. టవరు కావాలంటే పెట్టండి, కాదనను. కాని మా పెళ్లయిన చర్చికి అబద్ధపు గోపురం కట్టకండి. టవరును టవరులాగానే పెట్టండి" అన్నారు.

ఎర్రదీపం వెలగకముందే కూర్చున్నారు. చప్పట్లు కొట్టరాదని నిబంధన. కొట్టకుండా ఉండటం కష్టమయింది.

రెండు తీర్పులు

సభ ఆ రాత్రి తేల్చలేదు. రెండు పక్షాల అంగీకారంతో నెల రోజులు వాయిదా వేసింది. ఇంటికి వస్తూ "జనం ఇంతమంది కాదంటున్నారు గదా, ఎందుకు తటపటాయింపు?" అని అడిగాను. కోర్టు భయమన్నాడు అల్లుడు. ఆ భయానికి వెనక రెండు పేరుపడ్డ కేసులున్నాయి.

మొదటిది వర్జీనియా బీచ్ నగరానిది. అక్కడా చర్చి స్థలమే, చెట్ల మధ్య కాపురాల పేటే. చర్చివారు ఒప్పుకున్నారు, ప్రణాళికా సంఘం సరేనన్నది. కాని పేటవారు గట్టిగా అభ్యంతరం చెప్పడంతో నగర సభ నిరాకరించింది. కంపెనీలు కోర్టుకెక్కాయి, కింది కోర్టులో గెలిచాయి. 1998లో అప్పీలు కోర్టు తిరగదోసింది. పౌరుల అభ్యంతరాలే తగిన సాక్ష్యమన్నది. అర్జీ కాగితం మీద "నిరాకరించడమైనది" అన్న ముద్ర ఉన్నది కనుక లిఖితపూర్వకమే అన్నది.

రెండోది మా అమ్మాయి ఉండే పేటకు ఎంతో దూరం లేని రోస్వెల్ నగరానిది. ఒక ఖాళీ నివాస స్థలంలో 108 అడుగుల టవరును చెట్టు వేషంలో పెడతామని టీ-మొబైల్ కంపెనీ అర్జీ పెట్టింది. 2010 ఏప్రిల్‌లో నగర సభ కాదన్నది. రెండు రోజులకు ఉత్తరం పంపారు, కాని అందులో కారణాలు లేవు. కారణాలున్న సభా కార్యక్రమాల వివరం అందుబాటులోకి వచ్చేసరికి ఉత్తరం వెళ్లి 26 రోజులయింది. కోర్టుకు వెళ్లడానికి చట్టం ఇచ్చిన గడువు 30 రోజులే. అంటే మిగిలింది నాలుగు రోజులు. 2015 జనవరి 14న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది: కాదనవచ్చు, కాని ఎందుకు కాదంటున్నారో ఇంచుమించు కాదన్న సమయానికే రాసి ఇవ్వాలి. నిరాకరణ ఉత్తరంలోనే రాయనక్కరలేదు, కాని వారాల తరబడి తాత్సారం చేయరాదు. రోస్వెల్ ఓడిపోయింది.

నాకు ఈ రెండో తీర్పులోని మాట నచ్చింది. కాదనే హక్కు ఉన్నవాడు కారణం చెప్పాలి. కారణం చెప్పవలసి వస్తే మనసులో ఉన్నదీ నోటితో అనేదీ ఒకటేనా అని ఒక్కసారైనా చూసుకోవలసి వస్తుంది.

గంట లేని గోపురం

నెల తరువాత సభ మళ్లీ కూడింది. ఒకే ఒక్క ఓటు తేడాతో అనుమతి ఇచ్చారు. షరతులు పేజీన్నర. గోపురం రంగు చర్చి ఇటుకతో కలవాలి. కింద యంత్రాల పెట్టెలు గోడ చాటున ఉండాలి. జనరేటరు పరీక్ష పగటిపూటే చేయాలి. పనిచేయడం మానేస్తే కంపెనీ ఖర్చుతో తీసేయాలి, అందుకు ముందుగా పూచీ సొమ్ము కట్టాలి. ఒకసారి అనుమతి పొందిన టవరును కొంతవరకు పెంచుకోవడానికి 2012 నాటి చట్టం దారి ఇస్తున్నది గనుక, ఏ మార్పు చేసినా వేషం చెడకూడదని గట్టిగా రాశారు. వేషం చెడితే అది కొత్త అర్జీ కింద లెక్క.

ముసలావిడ మాటకు జవాబుగా ఒక సభ్యుడు మామూలు ఇనుప స్తంభం సంగతి ప్రస్తావించాడట. చేతులు లేవలేదు. అందరూ వేషానికే ఓటు వేశారు.

నేను అప్పటికి తిరిగి వచ్చేశాను. మరుసటి ఏడు గోపురం లేచింది. అమ్మాయి ఫోటో పంపింది. ఎంత చూసినా నాకు లోపం కనపడలేదు. పగటివేషం కుదిరింది.

ఈ సంగతంతా మనకెందుకని పాఠకులు అడగవచ్చు. మన దేశంలో టవరు తరంగాల హద్దును 2012 సెప్టెంబరు 1 నుంచి అంతర్జాతీయ ప్రమాణంలో పదో వంతుకు తగ్గించారు. ఆ మేరకు మన నియమం అమెరికా కంటె కఠినం. 2017లో కేంద్ర ప్రభుత్వం "తరంగ్ సంచార్" అన్న ఏర్పాటు చేసి, ఏ టవరు ఎక్కడున్నదో, హద్దుకు లోబడి ఉన్నదో లేదో పౌరులు చూసుకునేందుకు వీలు కల్పించింది. 4,000 రూపాయల రుసుము కడితే అధికారులు వచ్చి కొలిచి చూపే పద్ధతి కూడా పెట్టారు. నియమాలు మనకూ ఉన్నాయి. లేనిదల్లా పచ్చికలో పాతిన ఆ పలక, ఆ మూడు నిమిషాలు. తరంగాల లెక్క నిపుణులు తేల్చవచ్చు. పక్కింటివారిని ఒకమాట అడిగే పని మాత్రం నిపుణులది కాదు.

మొన్న అమ్మాయితో మాట్లాడాను. ఇంట్లో ఏ మూలనైనా ఫోను గంటలాగా పలుకుతున్నదట. వియ్యపురాలు గారు కర్ర ఊతంతో నడుస్తున్నారు. రాత్రి పడుకునేముందు ఫోనులో గీతలు నాలుగూ ఉన్నాయో లేదో చూసుకుని మరీ పడుకుంటారట. చర్చి పైకప్పు బాగుచేయించారు. పేదలకు సరుకులు పంచడం సాగుతున్నది.

"పక్కింటావిడ ఏమంటున్నారు?" అని అడిగాను.

"తీగ టెలిఫోను ఇంకా తీయించలేదు నాన్నా. నిన్న మా గేటు దగ్గర నిలబడి గోపురం కేసి చూస్తూ, 'అంత పెద్ద గోపురం కట్టారు, ఒక్క గంట పెట్టడానికి చోటు లేకపోయింది' అన్నారు."

"మరి నీకు భయం తగ్గిందా?"

అమ్మాయి కొంచెంసేపు పలకలేదు. "పిల్ల మంచం అవతలి గదిలోకి మార్చాను నాన్నా. ఆయనకు మాత్రం, ఆ గదిలో వెలుతురు ఎక్కువని చెప్పాను" అన్నది.